“రోజూ తాగుతారా?” అను ప్రశ్న చాలదు

వరంగల్లునుండి హైదరాబాదునకు పోవు జాతీయ రహదారి మీద, కాజీపేట–సికింద్రాబాదు రైలుదారిని ఆనుకొని యున్న స్టేషన్ ఘన్‌పూర్, 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనిదై, ఆ పిమ్మట జనగామ జిల్లాలో చేరిన ఊరు. పత్తియు వరియు పండించు రైతులు, కూలీలు, హమాలీలు, మేస్త్రీలు, గీత కార్మికులు ఈ ప్రాంతపు జనులలో అధికులు. వీరిలో ముప్పది యేండ్లు దాటిన ప్రతి స్త్రీ పురుషుని యొద్దకు ఆశ కార్యకర్త ఒక పత్రమును పట్టుకొని పోవలెననియు, నడుము చుట్టుకొలత తీసి, పొగాకు అలవాటును, శరీరశ్రమను, కుటుంబములో బీపీ, షుగర్ ఉన్నవో లేవో అను సంగతిని అడిగి వ్రాసికొని, మార్కులు కూడి, నాలుగు దాటినవారిని ముందుగా ఉపకేంద్రమునకు పంపవలెననియు, అంటువ్యాధులు కాని దీర్ఘవ్యాధుల నివారణకై ఏర్పడిన జాతీయ కార్యక్రమము నిర్దేశించుచున్నది. ఆ పత్రములో మద్యమును గూర్చి యున్నది ఒకే యొక వరుస: రోజూ మద్యము సేవించెదరా? లేదన్నచో సున్న, అవునన్నచో ఒకటి.

ఈ వరుస ఉన్నందుకు మొదట సంతోషింపవలసినదే. ప్రాథమిక వైద్యములో మద్యమును గూర్చి అడుగవలెనని ప్రభుత్వము సూత్రప్రాయముగ ఒప్పుకొన్నదనుటకు అది సాక్ష్యము. కాని అడిగిన ప్రశ్న సరియైనది కాదు. వారమంతయు పొలములో, కట్టుబడిలో, లారీల కింద శ్రమించి, కూలి చేతికందిన సాయంకాలమున ఒక క్వార్టర్ సీసాను ఒక్క గడియలో ముగించి, సైకిల్ మోటారు మీద చీకటిలో ఇల్లు చేరు మనుష్యుడు ఈ ప్రశ్నకు నిస్సంకోచముగ, సత్యసంధతతోనే, “లేదు” అని చెప్పగలడు. అతడు రోజూ తాగడు. పెండ్లికి తాగును, దావత్‌కు తాగును, బంధువు చావుకు పోయి తాగును, దసరాకు తాగును, అంగడి దినమున తాగును. పత్రములో అతనికి పడునది సున్న. ఆ సున్నయే ఆతని కాలేయమును, రక్తపుపోటును, ఆతని వెనుక బండి మీద కూర్చున్న భార్యను, పసిబిడ్డను లెక్కకు రానీయక దాచివేయుచున్నది.

తెలంగాణలో ఈ ప్రశ్న ఎంతమందికి సంబంధించినదో తెలియుటకు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలును. పదునైదేండ్లు దాటిన పురుషులలో మద్యము సేవించువారు దేశమంతటను నూటికి సుమారు 19 మంది కాగా, తెలంగాణలో నూటికి 43 మంది. అరుణాచల ప్రదేశ్ తరువాత ఇంత అధికమైన అంకె కనబడు రాష్ట్రములు అరుదు. స్త్రీలలో దేశపు సగటు నూటికి ఒకటిని కొంచెము మించగా, ఇక్కడ ఏడునకు దగ్గరగ నున్నది. 2019లో కేంద్ర సామాజిక న్యాయశాఖ పక్షమున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు ప్రకటించిన మాదక ద్రవ్య వినియోగ సర్వే మరియొక కఠోర సత్యమును బయటపెట్టినది: మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో యొక చికిత్స పొందినది ఒక్కరే, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరే. ఈ అంకెలను చదివినవారు వెంటనే, “డీ అడిక్షన్ కేంద్రములను పెంపవలె”నని అందురు. పెంపవలసినదే, సందేహము లేదు. కాని బానిస యగుటకు పూర్వము అదే మనిషి పదేండ్లో పదునైదేండ్లో ఏదో యొక సుస్తితో దవాఖాన మెట్లెక్కి దిగిపోయియుండును. ఆ కాలమంతయు ఆతనిని ఎవరును అడుగలేదను సంగతిని ఆ అంకెలు చెప్పవు.

మద్యపానమును మన సమాజము చిరకాలముగ రెండు గదులుగ మాత్రమే విభజించి చూచుచున్నది: ఒక గదిలో తాగనివారు, తాగినను మర్యాద తప్పనివారు, రెండవ గదిలో తాగుబోతులు. వైద్యశాస్త్రము ఈ విభజనను ఏనాడో విడిచిపెట్టినది. బానిసత్వమునకు లోను గానివాడై, ఇల్లు గడుపుకొనుచు, పనికి పోవుచు, అయినను దేహమునకు గాని సంసారమునకు గాని ముప్పు తెచ్చునంత తాగు మధ్యవర్గ మొకటి కలదు. సంఖ్యలో ఈ వర్గము బానిసలకంటె బహుళము. ఒక్కొక్కరిలో ముప్పు స్వల్పమైనను సంఖ్యాబాహుళ్యము చేత సమాజమున జరుగు మొత్తము హానిలో, అనగా రోడ్డు ప్రమాదములలో, కొట్లాటలలో, రక్తపుపోటులో, క్లోమము వాపులో, గృహహింసలో, పెద్దపాలు వీరిదే యగుచున్నది. మాటతో మారగలవారును వీరే. బానిసకు మందులు, పడక, నిపుణుడు కావలెను. ఈ మధ్యవర్గమునకు కావలసినది, తాను ముప్పులో నున్నానను జ్ఞానమును, దానిని మర్యాదగ చెప్పు ఒక నోరును మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఈ మధ్యవర్గమును గుర్తించుటకే ఒక సాధనమును నిర్మింప సంకల్పించి, ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా దేశములలోని ప్రాథమిక వైద్యశాలలకు వచ్చు రోగులను పరిశీలింపజేసి, పది ప్రశ్నల పత్రమొకటి సిద్ధము చేసెను. ఆడిట్ అని దానికి పేరు. మొత్తము నలువది మార్కులు. ఎనిమిదికి చేరినచో జాగ్రత్త చెప్పవలెను, పదునారునకు చేరినచో కూర్చుండబెట్టి సలహా యిచ్చి మరల మరల చూడవలెను, ఇరువదికి చేరినచో నిపుణుని యొద్దకు పంపవలెను. పది ప్రశ్నలకు తీరిక లేని చోట మొదటి మూడింటినే అడుగవచ్చును: ఎన్ని రోజులకొకసారి తాగుదురు? తాగిన దినమున ఎంత తాగుదురు? ఒకే విడతలో ఆరు ప్రమాణములు గాని అంతకు మించి గాని తాగుట ఎంత తరచుగ జరుగును? ఈ మూడింటికి కలిపి పండ్రెండు మార్కులు. పురుషునకు నాలుగు, స్త్రీకి మూడు గాని అంతకు మించి గాని వచ్చినచో తక్కిన ప్రశ్నలు అడుగవలసిన పని పడినదన్నమాట.

ఇక్కడ ప్రమాణమనగా పది గ్రాముల శుద్ధ మద్యసారము. ఘన్‌పూరులోని రైతును పది గ్రాములని అడుగుట నిష్ఫలము. ఆతనికి తెలిసినవి క్వార్టర్, నైంటీ, బీరు, కల్లు సీసా. అయితే లెక్క కట్టి చూచినచో మన కొలతలు ఈ శాస్త్రమునకు ఆశ్చర్యకరముగ సరిపడుచున్నవి. మన దేశములో అమ్ము విస్కీ, బ్రాందీలలో మద్యసారము నూటికి 42.8 పాళ్లు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది 77 మిల్లీలీటర్లు. తూకములో సుమారు 61 గ్రాములు. అనగా ఆరు ప్రమాణములు. అంతర్జాతీయ నిపుణులు ఒకే విడతలో ఆరు ప్రమాణముల వద్ద గీచిన గీత, మన వైన్ షాపులలో అమ్ముడగు చిన్న సీసా మూతి దగ్గరనే ఉన్నది. నైంటీలో మూడు ప్రమాణములు. 650 మిల్లీలీటర్ల సాధారణపు బీరులో రెండున్నర, ఘాటు బీరులో నాలుగు. కాబట్టి మూడవ ప్రశ్నను తెలంగాణ గ్రామములో, “క్వార్టర్ నిండా, లేకుంటె అంతకు మించి తాగుడు ఎన్ని దినాలకొకసారి జరుగుతది?” అని అడిగినచో, శాస్త్రము చెడదు, అర్థము కానివాడుండడు.

ఇప్పుడు కూలి చేతికందిన సాయంకాలమున క్వార్టర్ తాగు ఆ మనిషిని మరల తలచుకొందము. వారమునకొకసారి తాగుటకు రెండు మార్కులు, ఆరు ప్రమాణములు తాగుటకు రెండు, అట్లు వారమువారము తాగుటకు మూడు. మొత్తము పండ్రెండింట ఏడు. ఆశ కార్యకర్త చేతిలోని పత్రము సున్న వేసిన మనిషికి, మూడు ప్రశ్నల పత్రము ప్రమాదరేఖను బహుదూరము దాటిన అంకెను వేయుచున్నది. మనిషి అతడే, తాగుడు అదే, చెప్పిన సత్యమును అదే. మారినది ప్రశ్న మాత్రమే.

కల్లు సంగతి ఇంతకంటె చిక్కైనది. దానిని దాటిపోయినచో తెలంగాణమును గూర్చి వ్రాసినట్లు కాదు. తాటివనములు, ఈతవనములు ఈ నేల అందము. వానినాశ్రయించి బ్రదుకు గీత కార్మికుల చరిత్ర ఈ నేల పౌరుషము. ఘన్‌పూరునకు సమీపముననే యున్న ఖిలాషాపురములో కోట కట్టి, 1708లో వరంగల్లు నగరముపై దాడి చేసి మొగలు అధికారమునకు ఎదురు నిలిచిన సర్వాయి పాపన్న గీత వృత్తి కులమున పుట్టినవాడే. మోకు ముస్తాదు కట్టుకొని ప్రాణములకు తెగించి చెట్టెక్కువాని కష్టమును, చెట్టుకింద పొద్దుటిపూట ఆకుదొప్పలో పోసిన తాజా కల్లు రుచిని ఎరిగినవారెవ్వరును కల్లును గుడుంబతో సమానము చేయరు. అయినను సాయంకాలమునకు పులిసిన కల్లులో నూటికి నాలుగైదు పాళ్లు మద్యసారము చేరును; ఒక సీసా కల్లులో రెండు ప్రమాణములు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువ. “కల్లు మందు కాదు గద, అది మనకు అలవాటే” అను భావము స్త్రీలలోను, వృద్ధులలోను గాఢముగ నున్నందున, “మందు తాగుతరా?” అని అడిగినప్పుడు కల్లు తాగువారు తమను ఆ ప్రశ్నలో చేర్చుకొనరు. కల్లును వేరుగ, దాని పేరుతోనే అడుగవలెను.

మరియొక విషాదమున్నది. చెట్లు తరిగి, గిరాకి పెరిగిన పట్టణములలోను, కొన్ని జిల్లాలలోను, చెట్టునుండి దిగని కల్లు పుట్టినది. నీటిలో చక్కెరతోపాటు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి సీసాలలో నింపి అమ్ము ఈ కృత్రిమ ద్రవమునకు అలవాటుపడినవాడు మద్యమునకు గాక ఆ మాత్రలకు బానిస యగును. 2015లో ప్రభుత్వము దీనిపై దాడులు ముమ్మరము చేసి సరఫరా నిలిపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో జనులు వింతప్రవర్తనతో, మూర్ఛలతో, వణకుచు ఆసుపత్రులకు చేరిరి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి మద్యము దుకాణములు, కల్లు దుకాణములు ఒక్కమారుగ మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందర అదే దృశ్యము కనబడినది. ఆ తాకిడి ప్రభుత్వమును కలతపెట్టినది. మద్యము దుకాణములు మే 6న తిరిగి తెరచుకొన్నవి. ఈ రెండు సంఘటనలనుండి మనము నేర్చుకొనవలసినది, ఎవరెంత మత్తునకు లోబడియున్నారో ఏ ఉపకేంద్రపు రిజిస్టరులోను లేకపోయెననుటయే. ఎవరికి అకస్మాత్తుగ మానుట ప్రాణాపాయమో ముందుగ తెలిసియున్నచో, మందులు సమకూర్చి వారిని ఇంటివద్దనే కాపాడి యుండవచ్చును.

అడుగుట ఎట్లు? ఆశ కార్యకర్త ఆ ఊరి కోడలే. ఎదుట మంచము మీద కూర్చున్న పెద్దమనిషి వరుసకు మామయో బావయో యగును. పదిమంది వినుచుండగా, అత్త వాకిట నిలుచుండగా, “మామా, తాగుతవా?” అని అడుగుటకు ఆమెకు నోరు రాదు, వచ్చినను ఆతడు నిజము చెప్పడు. చెప్పినచో సాయంత్రమునకు ఊరంతయు తెలియునను భయమొకటి, ఇంటిలో పోరు మొదలగునను భయము మరియొకటి. కాబట్టి ఈ ప్రశ్నల స్థానము వాకిలి కాదు. పల్లె దవాఖానలో బీపీ పట్టీ చేతికి చుట్టియున్న ఆ రెండు నిమిషముల ఏకాంతము. బీపీ చూచినట్లే, బరువు చూచినట్లే, వచ్చిన ప్రతివారిని అడుగుట ఇందులో ప్రధానసూత్రము. కొందరినే అడిగినచో అది అనుమానమగును. అందరిని అడిగినచో పద్ధతి యగును. “పెద్దనాయినా, ఇక్కడికొచ్చినోళ్లందరిని అడుగుతున్నం, ఏమనుకోకు. కల్లు గాని, మందు గాని, బీరు గాని ఎప్పుడన్న తీసుకుంటవా?” అని మొదలుపెట్టి, “ఎన్ని దినాలకొకసారి? ఒక్కపారి ఎంత?” అని సాగించిన నర్సమ్మకు సమాధానము వచ్చును. ‘తాగుబోతు’ అను మాట ఆ గదిలోకి రారాదు. చెప్పిన సంగతి ఆ గదినుండి బయటికి పోరాదు.

అడిగిన పిమ్మట చెప్పవలసినది మిక్కిలి కొద్ది. నీవు చెప్పిన లెక్క ఇది, దీనివలన నీ బీపీ దిగుట లేదు, నీ కడుపుమంట తగ్గుట లేదు, తగ్గించుకొనుట నీ చేతిలోనే యున్నది, ఏమి చేయగలవో నీవే చెప్పు, నెల తరువాత మరల రా – ఇంతే. ఆజ్ఞాపింపరాదు, భయపెట్టరాదు, నిర్ణయము ఆతనిదేయని ఆతనికి తెలియజేయవలెను. ఐదు నిమిషముల ఈ మాటకు ఫలమున్నదా యని శంకించుట న్యాయమే. 2018లో ప్రకటితమైన కాక్రేన్ సంస్థవారి సమీక్ష 69 పరిశోధనలను, ముప్పదిమూడు వేలమందికి పైగా రోగుల వృత్తాంతమును పరిశీలించి, అట్లు సలహా పొందినవారు ఏడాది తరువాత వారమునకు సగటున 20 గ్రాముల మద్యసారము తక్కువ తాగుచున్నారని తేల్చినది. మన కొలతలో అది వారమునకొక అరువది మిల్లీలీటర్ల పెగ్గు. ఒక మనిషికి అది స్వల్పమే. ఒక జిల్లాకు స్వల్పము కాదు. ఇంగ్లండులో 2013లో వెలువడిన మరియొక పెద్ద పరిశోధనలో, మార్కు తెలిపి ఒక కరపత్రము చేతికిచ్చుటకంటె అధికమైన సలహా వలన విశేషప్రయోజనము కనబడలేదు. దీనిని కొందరు ఈ పద్ధతికి వ్యతిరేకముగ చూపుదురు. నాకు తోచినంతలో ఇది పేదదేశపు ప్రాథమిక వైద్యమునకు శుభవార్తయే: అడిగి, మార్కు చెప్పి, కాగితమిచ్చుటయే పనిచేయునేని, అంత తక్కువ ఖర్చుతో జరుగు వైద్యము మరియేమున్నది?

విదేశముల సంగతి యటుంచి మన దేశములోనే గోవా రాష్ట్రమున జరిగిన ప్రయత్నము మనకు దగ్గరి నిదర్శనము. సంగత్ అను సంస్థవారు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఆడిట్ పత్రముతో పురుషులను పరీక్షించి, పండ్రెండు మొదలు పందొమ్మిది వరకు మార్కులు వచ్చిన 377 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మామూలు వైద్యమును, రెండవ భాగమునకు దానితోపాటు నాలుగు దఫాలకు మించని సలహాను ఇప్పించిరి. సలహా ఇచ్చినవారు వైద్యులు కారు, మనస్తత్వ నిపుణులు కారు. తర్ఫీదు పొందిన సామాన్యులు. 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితము ప్రకారము మూడు నెలలలో ప్రమాదరేఖ దిగువకు వచ్చినవారు మామూలు వైద్యములో నూటికి 26 మంది కాగా, సలహా పొందినవారిలో 36 మంది. పూర్తిగ మానినవారి సంఖ్యయు పెరిగినది; మానకుండ తాగుచునే యున్నవారు తాగు మొత్తము మాత్రము చెప్పుకోదగినంత తగ్గలేదు. ఈ లోపమును దాచక చెప్పుటయే మంచిది. ఎందుకనగా ప్రజలకు అద్భుతములు వాగ్దానము చేసిన ఆరోగ్య కార్యక్రమములు నిరాశతో ముగియుట మనమెరిగినదే. నూటికి పదిమంది అదనముగ గట్టెక్కుట అద్భుతము కాదు, కాని ఏ మందుబిళ్లకైనను గౌరవప్రదమైన ఫలము.

ఇందుకు వచ్చు ఆక్షేపణలలో బలమైనది ఆశ కార్యకర్తల, ఏఎన్ఎంల (ఉపకేంద్రపు నర్సమ్మల) పనిభారము. గర్భిణులు, టీకాలు, క్షయ, బీపీ, కంటిచూపు, ప్రతి సర్వే, ప్రతి యాప్ వారి తలపైననే పడుచుండగ, మరియొక పత్రమును చేర్చుట అన్యాయమని వారనుట సత్యము. నేను కోరునది మరియొక పత్రమును కాదు. ఉన్న పత్రములో ఉన్న ఒక వరుసను తీసి, ఆ స్థానమున మూడు వరుసలు వేయుటయే. స్కాట్లండు 2008లో ఇట్టి సలహాలను జాతీయ లక్ష్యముగ ప్రకటించి, మూడేండ్లలో ఒకటిన్నర లక్షకు సమీపమైన లెక్కను నిర్ణయించి, దానిని మించి సాధించినది. అందుకు వైద్యులకు ధనమును, తర్ఫీదును ఇచ్చినది. మనమును పారితోషికము లేకుండ పని పెంపరాదు. అంకెల వేట మొదలైననాడు అడుగకుండగనే సున్నలు వేయుదురను ప్రమాదమును మరువరాదు.

రెండవ ఆక్షేపణ నైతికమైనది, నాకు మిక్కిలి బాధ కలిగించునది. 2023లో తెలంగాణలో 2,620 మద్యము దుకాణములకు దరఖాస్తులు పిలువగ, తిరిగి ఇవ్వబడని రెండు లక్షల రూపాయల రుసుముతో లక్షా ముప్పదివేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. దుకాణము తెరువకమునుపే దరఖాస్తుల మీదనే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరినది. ఒక చేత సీసాను అమ్ముచు మరియొక చేత సలహా చెప్పు ప్రభుత్వమును జనులేల నమ్మవలెనని అడుగువారికి నా యొద్ద ఊరడింపు లేదు. కాని ఈ ఆక్షేపణను మన్నించి నర్సమ్మ నోరు మూసికొన్నచో నష్టపడునది ప్రభుత్వము కాదు, క్వార్టర్ తాగు మనిషి.

మద్యముతో మన తెలుగువారి పోరాటము సామాన్యమైనది కాదు. 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమములో చదువు నేర్చిన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించి లేపిన జ్వాల 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధమునకును, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమునకును దారి తీసినది. నిషేధము 1997 ఏప్రిల్‌లో తొలగినది. ఆ స్త్రీల విజయము చిన్నది కాదు; వారు దుకాణమును ప్రశ్నించిరి, ప్రభుత్వమును ప్రశ్నించిరి. కాని తాగుచున్న మనిషిని రోగిగ, మాట వినగల మనిషిగ భావించి పలుకరించు వ్యవస్థ ఆనాడును లేదు, నిషేధము పోయిన పిమ్మటను ఏర్పడలేదు. నిషేధముండిన రెండేండ్లలో బానిసలైనవారు దొంగసారా వైపు పోయిరి. నిషేధము పోయినప్పుడు తక్కినవారును తిరిగివచ్చిరి. అనుమతి లేక మద్యము అమ్ము బెల్టు షాపు ఊరిలో నుండనే కూడదు, దానిపై పోరాడవలెను. అంతవరకు, దానిలోనుండి బయటికి వచ్చు మనిషితో మాటలాడుటకు ఎవరో యొకరుండవలెను గదా.

స్టేషన్ ఘన్‌పూర్‌కు ఈ విషయములో కొంత హక్కు, కొంత బాధ్యతయు కలవని నేను తలచుచున్నాను. 2014లో రాష్ట్రము ఏర్పడినప్పుడు తొలి ఆరోగ్యశాఖామంత్రి యైన డాక్టర్ తాటికొండ రాజయ్య అప్పుడు ఈ నియోజకవర్గపు ప్రతినిధియే. 2025 మార్చిలో ఇక్కడ వంద పడకల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. పడకలు రావలెను, వరంగల్లు ఎంజీఎం ఆసుపత్రికి మోసికొనిపోవలసిన రోగులకు ఇక్కడనే చికిత్స దొరకవలెను. అయితే ఆ పడకలలో కాలేయము చెడి పొట్ట ఉబ్బినవారు, బండి మీదనుండి పడి ఎముకలు విరిగినవారు ఎందరుందురను నిర్ణయము, పదేండ్ల ముందు ఉపకేంద్రములో జరిగిన, లేక జరుగని, ఐదు నిమిషముల సంభాషణపై ఆధారపడియుండును.

కొన్ని చోట్ల అడుగుట మరింత అవసరము. బీపీ మాత్రలు మింగుచున్నను బీపీ దిగని వానిని, క్షయ మందులు మధ్యలో మానుచున్న వానిని, మాటిమాటికి గాయములతో వచ్చు వానిని, కాళ్లు తిమ్మిరులని, నిద్ర పట్టదని చెప్పు వానిని తప్పక అడుగవలెను. గర్భిణిని అడుగుట ఏఎన్ఎంకు కష్టముగ నుండవచ్చును. కాని కల్లు పలుచనిదనియు, చలువ చేయుననియు నమ్ము కుటుంబములున్న ప్రాంతములో, కడుపులోని బిడ్డకు ఏ మోతాదు మద్యమును నిరపాయమని తేలలేదను సంగతి ఆ తల్లికి ఎవరో చెప్పవలెను. ముప్పది దాటినవారినే అడుగవలెనను నియమము కూడ సవరింపదగినదే. తాగుడు ముదురునది ఇరువదులలోనే. పత్రము ఇంటికి వచ్చు నాటికి పదేండ్ల అలవాటు స్థిరపడియుండును.

ఒక హెచ్చరిక మాత్రము ఈ వ్యాసము చదువు ప్రతివారును గుర్తుంచుకొనవలెను. ఉదయము లేవగనే చేతులు వణకువారు, మొదటి గుక్క పడనిదే నిలువలేనివారు, మత్తుమందులు కలిసిన సీసా కల్లునకు ఏండ్ల తరబడి అలవాటుపడినవారు పంతము పట్టి ఒక్కనాడు మానరాదు; ఇంటివారు బలవంతముగ మాన్పరాదు. మూర్ఛలు, మతిభ్రమణము రావచ్చును; ప్రాణము పోవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో మందులతో, విటమిన్ బి1 సూదులతో మానుట సురక్షితము. అట్టివారికి ఎంజీఎం వంటి పెద్ద ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగము చూపవలసిన దారి. 14416 టెలిమానస్ నంబరునకు గాని, 14446 వ్యసనవిముక్తి నంబరునకు గాని ఫోను చేసినచో ఖర్చు లేకుండ సలహా దొరకును.

జనగామ జిల్లా వైద్య ఆరోగ్యశాఖను, రాష్ట్ర ఆరోగ్యశాఖను నేను వినయముతో కోరునది ఇంతే. కొత్త పథకము వద్దు, కొత్త పేరు వద్దు, ప్రారంభోత్సవము వద్దు. స్టేషన్ ఘన్‌పూర్ పరిసరములలోని పల్లె దవాఖానలలో ఒక ఏడాది పాటు, పదునెనిమిదేండ్లు దాటి వచ్చిన ప్రతివారిని ఆ మూడు ప్రశ్నలు, క్వార్టర్, సీసా అను మన కొలతలలో, తలుపు దగ్గరగ వేసి అడిగింపుడు. ఏఎన్ఎంలకు రెండు దినముల తర్ఫీదును, చేసిన పనికి తగిన పారితోషికమును ఇండు. కాకతీయ వైద్య కళాశాల ఆచార్యులచేత ఫలితములను లెక్కకట్టించి, మంచియైనను చెడ్డయైనను ప్రకటింపుడు. ఆ లెక్కలు అనుకూలించినచో, “రోజూ తాగుతారా?” అను వరుసను మార్చవలసినదని ఢిల్లీకి వ్రాయుడు.